సలమాంకాలో ఒక రాత్రి ఉండాలా, మాడ్రిడ్ నుంచి పగలు వెళ్ళొస్తే చాలా? (అమ్మతో ప్రయాణం)

కాకినాడ_కాజా

అందరికీ నమస్తే. నేను స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మే రెండో సగంలో అమ్మ వస్తోంది. దేశం దాటడం ఆవిడకు ఇదే మొదలు. వీసా వచ్చేసింది, టికెట్లు తీశాను. జర్మనీలో కొంచెం తిప్పాక స్పెయిన్‌లో కొన్ని రోజులు గడుపుదామని మాడ్రిడ్‌లో గది తీసుకున్నాను.

అమ్మ హైస్కూల్లో సోషల్ టీచరుగా రిటైరైంది. మాడ్రిడ్ దగ్గర చూడదగ్గ ఊళ్ళు టోలెడో, సెగోవియా, సలమాంకా అని చెబుతుంటే, "1218లో పెట్టిన యూనివర్సిటీ ఇంకా నడుస్తోందా?" అని ఆశ్చర్యపోయింది. ఇక మిగతా రెండూ మర్చిపోయింది. రోజూ ఫోన్‌లో సలమాంకా సంగతే.

నా సందేహాలు ఇవీ. ఎక్కడ చదివినా అది స్టూడెంట్ల ఊరు, రాత్రంతా పార్టీలు, తెల్లారేదాకా బార్లు అంటున్నారు. అమ్మను తీసుకుని అలాంటి చోట రాత్రి ఉండటం మంచిదేనా? లేక పొద్దున రైలెక్కి చూసేసి సాయంత్రానికి మాడ్రిడ్ వచ్చేస్తే సరిపోతుందా? అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. పాలు, పెరుగు, చీజ్ పరవాలేదు. మోకాళ్ళ నొప్పి ఉంది. నెమ్మదిగా అయితే నడుస్తుంది, మెట్లంటే భయం. అక్కడ ఉండి వచ్చినవాళ్ళు ఎవరైనా చెబుతారా?

బెజవాడ_బస్సు

పగలు వెళ్ళొస్తే చాలండీ. నేను ఫ్రెండ్స్‌తో వెళ్ళాను. యూనివర్సిటీ ముఖద్వారం, కెథెడ్రల్, ప్లాసా మయోర్ (ఊరి పెద్ద చౌకం), రోమన్ బ్రిడ్జి. అన్నీ నడిచే దూరమే, సాయంత్రానికి అయిపోతాయి. మేం రాత్రి ఉన్నాం కానీ మా గది కింద వీధి అంతా బార్లే. తెల్లవారుజామున ఐదింటికి కూడా పాటలు, కేకలు. మాకంటే సరదాగానే ఉంది. అమ్మగారితో అయితే ఆ చప్పుడు కష్టం. పైగా ఆవిడ తొందరగా పడుకునే మనిషైతే ఆ ఊళ్ళో రాత్రి ఉండి లాభం లేదు. నన్నడిగితే సెగోవియా కూడా చూడండి, రైల్లో అరగంట దూరం, అక్కడి రోమన్ నీటికాలువ అమ్మగారికి బాగా నచ్చుతుంది.

మంజీర_తీరం

రాత్రి ఉండండి. ఒక్క రాత్రయినా సరే, ఉండి రండి.

నేను హైదరాబాద్ ఇఫ్లూలో స్పానిష్ చదివి మాస్టర్స్‌కి సలమాంకా వెళ్ళాను. ఇప్పుడు స్పానిష్ పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్నాను. ఆ ఊరి పేరెత్తితే నాకు మాట ఆగదు, కాబట్టి ఓపిగ్గా చదవండి. బెజవాడ అన్న చెప్పిన చప్పుడు నిజమే. అయితే అది గది ఏ వీధిలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది, ఆ సంగతి తర్వాత చెబుతాను. సెగోవియా తప్పకుండా చూడండి. కానీ సలమాంకాను పగలు మాత్రమే చూసి వెళ్ళడం అంటే నాకు ప్రాణం ఒప్పదు.

ముందు అక్కడి టైమ్ ఎలా నడుస్తుందో చెప్పాలి. సలమాంకా గ్రీనిచ్‌కు పడమరన ఉంటుంది, గడియారం మాత్రం బెర్లిన్‌ది. అందుకే మే చివర్లో పొద్దు గుంకేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది. మధ్యాహ్నం భోజనం రెండింటికి మొదలు, రాత్రి భోజనం తొమ్మిది తర్వాత. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా చాలా షాపులు మూసేస్తారు, వీధులు ఖాళీ. పగటి ప్రయాణీకులు సరిగ్గా ఆ ఖాళీ వేళల్లో, నెత్తిన ఎండతో తిరుగుతారు. ఊరు లేచి బయటికొచ్చే వేళకు వాళ్ళు తిరుగు రైల్లో ఉంటారు.

ఇక ప్లాసా మయోర్. 1729లో మొదలుపెట్టి 1755లో పూర్తి చేశారు. అల్బెర్తో చుర్రిగెర మొదట గీసిన నక్షా. చుట్టూ 88 ఆర్చీలు, వాటి మధ్యన రాజులవీ రచయితలవీ తలలు చెక్కిన గుండ్రటి ఫలకాలు. నియంత ఫ్రాంకో తల కూడా అక్కడ ఉండేది, 2017లో తీసేశారు. పగలు చూస్తే ఇదొక అందమైన చదరం, అంతే. చీకటి పడ్డాక దీపాలు వెలిగితే మొత్తం రాయి బంగారు రంగులోకి తిరుగుతుంది. మీరు "పార్టీల ఊరు" అని భయపడుతున్నారు కదా, రాత్రి పదిన్నరకు అక్కడ ఎవరుంటారో చెప్పనా? బెంచీల మీద ముసలి దంపతులు, చేతికర్ర పక్కన పెట్టుకుని ఐస్‌క్రీమ్ తింటూ. నాలుగైదేళ్ళ పిల్లలు బంతి ఆడుతుంటారు, వాళ్ళమ్మలు కబుర్లలో ఉంటారు. నేల మీద గుండ్రంగా కూర్చుని చిప్స్ పంచుకునే స్టూడెంట్లు. ఎవరైనా ఎవరినైనా కలవాలంటే చెప్పుకునే చోటు ఒక్కటే, మున్సిపాలిటీ భవనం మీది గడియారం కింద. మూడు తరాలు ఒకే చోట, ఒకే వేళలో. మీ అమ్మగారికి అక్కడ ఇబ్బంది అనిపించదు. నా భయమల్లా ఆవిడ గదికి రానంటారేమోనని.

అదృష్టం ఉంటే తూనా వాళ్ళు వస్తారు. యూనివర్సిటీ స్టూడెంట్ల పాటల బృందాలు అవి. నల్ల మఖమల్ దుస్తులు, భుజాన పొడుగాటి నల్ల కేప్, దాని మీద రంగురంగుల రిబ్బన్లు. గిటార్లు, బందూర్రియాలు వాయిస్తూ టేబుల్ టేబుల్ దగ్గరికీ వెళ్ళి పాడతారు. నా క్లాస్‌మేట్ ఒకడు పగలు భాషాశాస్త్రం చదివేవాడు, రాత్రి ఆ కేప్ వేసుకుని తంబురీన్ కొట్టేవాడు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇదే. ఆ ఊళ్ళో చదువు ఒక పక్క, రాత్రి జల్సా ఇంకో పక్క అని రెండు లేవు. మొదటినుంచీ లేవు. అది అర్థం కావాలంటే పాత కెథెడ్రల్‌లో సాంత బార్బరా అనే చిన్న గది చూడాలి. టూరిస్టులు తల లోపలికి పెట్టి వెంటనే తీసేస్తారు. మీరు మాత్రం ఆగండి.

గది మధ్యలో ఒక బిషప్ సమాధి ఉంటుంది, పైన ఆయన పడుకున్న రాతి విగ్రహం. విగ్రహం కాళ్ళ దగ్గర ఒక పాత కుర్చీ. పూర్వం డాక్టరేట్ పరీక్షకు ముందురాత్రి విద్యార్థిని ఈ గదిలో పెట్టి తలుపు మూసేసేవాళ్ళు. ఆ కుర్చీలో కూర్చుని, తన కాళ్ళు బిషప్ పాదాలకు ఆనించి, రాత్రంతా చదువుకోవాలి. చలికాలంలో ఆ గదిలో పట్టపగలు నిలబడినా రాయి చల్లదనం బూట్ల లోపలికి వస్తుంది. తెల్లారాక ప్రొఫెసర్లు వచ్చి ప్రశ్నలు వేసేవాళ్ళు. పాసైనవాడు పెద్ద గుమ్మం గుండా జనం కేకల మధ్య బయటికి వచ్చేవాడు. తప్పినవాడికి పక్క గుమ్మమే, దొంగచాటుగా వెళ్ళిపోవాలి.

పాసైతే పని అయిపోయినట్టు కాదు. కొత్త డాక్టరు ఊరికి విందు పెట్టాలి, ఎద్దుల పోరు జరిపించాలి. ఆ ఖర్చుకు అప్పులపాలైనవాళ్ళున్నారు. ఆ ఎద్దు రక్తం కలిపిన ఎర్ర రంగుతోనే గోడమీద "విక్టర్" అనే గుర్తూ, తన పేరూ రాయించుకునేవాళ్ళని చెబుతారు. యూనివర్సిటీ గోడల నిండా, కెథెడ్రల్ గోడల మీదా ఆ ఎర్ర రాతలు ఇప్పటికీ ఉన్నాయి. ఇవాళ్టి డాక్టర్లు కూడా మామూలు రంగుతో రాయించుకుంటారు. చదువు పూర్తయితే ఊరంతా పండగ చేసుకోవాలన్నది అక్కడ కొన్ని వందల ఏళ్ళ ఆనవాయితీ. రాత్రిపూట వీధుల్లో కనిపించే గుంపులు ఆ ఆనవాయితీ వారసులే. ఈ సంగతి తెలిసి చూస్తే ఆ సందడి మీద మీకు కోపం రాదు.

మీ అమ్మగారు టీచరు కాబట్టి మరొక గది. యూనివర్సిటీ పాత భవనం లోపల ఫ్రై లూయిస్ దె లెయోన్ క్లాస్‌రూమ్. బెంచీలంటే బెంచీలు కావు, సరిగ్గా చెక్కని దుంగలు. ఒక దుంగ కూర్చోవడానికి, దాని ముందున్నది రాసుకోవడానికి. వాటి మీద విద్యార్థులు కత్తులతో గీసుకున్న గీతలు, పేర్లు ఇంకా ఉన్నాయి. ఆ ప్రొఫెసర్‌ను బైబిల్లోని ఒక భాగాన్ని ప్రజల భాషలోకి మార్చాడని, ఇంకా కొన్ని కారణాలతో 1572లో మతవిచారణ కోర్టు జైల్లో వేసింది. 1576 చివర్లో విడుదలయ్యాడు. తిరిగొచ్చి పాఠం మొదలుపెడుతూ "నిన్న మనం చెప్పుకున్నట్టు..." అన్నాడని ఊరివాళ్ళ కథ. నిజంగా అన్నాడో లేదో గానీ సలమాంకాలో ప్రతి టీచరూ సెలవుల తర్వాత మొదటి క్లాసులో ఆ మాట వాడతారు. మా మేడమ్ కూడా వాడింది. ఇప్పుడు నేనూ వాడుతున్నాను.

ముఖద్వారం ముందు జనం అందరూ తలెత్తి వెతుకుతుంటారు. ఆ చెక్కడాల్లో కుడివైపు స్తంభం మీద పుర్రెలుంటాయి, ఒక పుర్రె నెత్తిన చిన్న కప్ప. ఎవరి సాయమూ లేకుండా కనిపెడితే పరీక్ష పాసవుతామని స్టూడెంట్ల నమ్మకం. గైడ్లు వేలు పెట్టి చూపిస్తారు, మీరు చూపించనివ్వకండి. అమ్మగారిని వెతకనివ్వండి. అలాగే కొత్త కెథెడ్రల్ ఉత్తరపు గుమ్మం దగ్గర ఒక వ్యోమగామి బొమ్మ ఉంది. పాతకాలం వాళ్ళకు ముందే తెలుసని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి, 1992లో గుమ్మం బాగుచేసినప్పుడు ఆ శిల్పులు తమ కాలానికి గుర్తుగా చెక్కారు.

అంత సన్నటి చెక్కడం ఎలా కుదిరిందంటే అది విల్లమయోర్ రాయి. పక్క ఊరి క్వారీది. తవ్వినప్పుడు మెత్తగా ఉంటుంది, చెక్క చెక్కినట్టు చెక్కొచ్చు. తేమ ఆరేకొద్దీ గట్టిపడుతుంది. లోపలున్న ఇనుము వల్ల గాలికి ఆ బంగారు రంగు తిరుగుతుంది. సాయంత్రం ఎనిమిది, తొమ్మిది మధ్య యూనివర్సిటీ ముందున్న చిన్న చౌకంలో కూర్చోండి. నేను ఏమీ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు గది సంగతి. గ్రాన్ వియా, బోర్దదోరెస్, వరియ్యస్ వీధులు, సాన్ హుస్తో చౌకం. రాత్రి బతుకు ఎక్కువగా వీటి చుట్టూ. వీటికి ఎదురుగా కిటికీ ఉన్న గది వద్దు. సాన్ ఎస్తెబాన్ మఠం వైపు, లేదా కెథెడ్రల్ వెనక వైపు చూడండి. బుక్ చేసేటప్పుడు "ఇంటీరియర్" గది అడగండి, అంటే కిటికీ లోపలి వాకిలి వైపు తెరుచుకుంటుంది. వెలుతురు తక్కువ, నిద్ర ఎక్కువ. స్పెయిన్‌లో ఈ మాట అందరికీ తెలుసు.

కాకినాడ_కాజా

మంజీర గారూ, ఇది అమ్మకు ఫోన్‌లో చదివి వినిపించాను. జైలు నుంచి వచ్చిన ప్రొఫెసర్ దగ్గర ఆపించి రెండోసారి చదివించుకుంది. రాత్రి ఉండటం ఖాయం. ఇంకా అడగాలి. ఏ వారం వెళ్తే మంచిది, శనివారమా, మామూలు రోజా? అమ్మ పడుకున్నాక నాకూ ఒక గంట బయట తిరగాలని ఉంది, ఒంటరిగా వెళ్ళొచ్చా? నేను తాగను. తిండి సంగతి ఇంకా టెన్షన్‌గానే ఉంది.

తిరుపతి_తోట

తిండి నేను చెబుతానండీ. మాడ్రిడ్‌లో ఉంటున్నాను, మా ఇంట్లోనూ గుడ్డు తినరు. అమ్మానాన్నలతో సలమాంకా వెళ్ళాం.

ఆ ప్రాంతం పంది మాంసానికి పేరుమోసింది. గిహువేలో హమోన్ (ఉప్పువేసి ఆరబెట్టిన పంది తొడ మాంసం) అక్కడిదే. హోర్నాసో అని ఊరి ప్రత్యేక వంటకం బేకరీలన్నిట్లో కనిపిస్తుంది, చూడ్డానికి మామూలు రొట్టెలా ఉంటుంది, లోపలంతా పంది మాంసం, గుడ్డు. బంగాళాదుంప కూర అని పతాతస్ మెనేఆస్ చూపిస్తారు, దానిమీద కూడా వేయించిన పంది కొవ్వు ముక్కలు వేస్తారు. తోర్తీయ అంటే గుడ్డు. "మాంసం లేని సలాడ్" అడిగితే ట్యూనా చేప వేసి తెస్తారు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో చేప మాంసం కాదు, చాలాచోట్ల హమోన్ కూడా కాదు. అందుకే విడివిడిగా చెప్పాలి: "నో కోమో కార్నే, నీ పెస్కాదో, నీ హమోన్, నీ వేవో" (మాంసం, చేప, హమోన్, గుడ్డు ఏదీ తినను). ఇది కాగితం మీద రాసుకుని చూపించండి, బాగా పనిచేస్తుంది.

ధైర్యంగా తినగలిగినవి: టమాటా రుద్దిన రొట్టె, మీద ఆలివ్ నూనె. నూనెలో వేయించి కల్లుప్పు జల్లే చిన్న పచ్చి మిరపకాయలు, పిమియేంతోస్ దె పద్రోన్. మా నాన్నకు అవి మిరపకాయ బజ్జీల తర్వాత అంత ఇష్టమైపోయాయి. కాల్చిన కూరగాయలు. చీజ్ తింటారన్నారు కాబట్టి మాంచేగో చెప్పొచ్చు, కానీ అందులో చాలావాటికి పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడతారు, పట్టింపు ఉంటే వదిలేయండి. చుర్రోస్‌లో గుడ్డు ఉండదు, పిండి, నీళ్ళు, ఉప్పు. చిక్కటి వేడి చాక్లెట్‌లో ముంచుకుని తింటారు. అమ్మగారికి రోజూ టిఫిన్ అదే పెట్టొచ్చు.

ప్లాసా మయోర్ పక్కనే సెంట్రల్ మార్కెట్ ఉంది, ఇనుప కట్టడం, పాతది. పొద్దున పూట వెళ్ళి కూరగాయలు, పండ్లు తెచ్చుకోండి. మేం వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. అన్నం, పప్పు చారు, స్టుట్‌గార్ట్ నుంచి ఒక ఆవకాయ సీసా పట్టుకెళ్ళండి. పెరుగు ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతుంది, "నతురాల్" అని రాసున్నది తీసుకోండి, మిగతావి తియ్యగా ఉంటాయి.

బెజవాడ_బస్సు

మంజీర అక్కా, బాగా రాశారు. నాదొక ప్రశ్న. డిసెంబర్‌లో స్టూడెంట్లకు అక్కడ విడిగా ఒక న్యూ ఇయర్ ఉంటుందని విన్నాను. దానికి వెళ్ళొచ్చా?

మంజీర_తీరం

ఒక్కొక్కటిగా.

ఏ రోజు: గురువారం రాత్రి ఉండేలా చూసుకోండి. శని, ఆదివారాలు చాలామంది స్టూడెంట్లు సొంతూళ్ళకు వెళ్ళిపోతారు. అప్పుడు బయటి ఊళ్ళ నుంచి పెళ్ళికి ముందు పార్టీ చేసుకునే గుంపులు వస్తాయి. గురువారం మాత్రం ఊరు యూనివర్సిటీది. మే రెండో సగమంటే పరీక్షలు దగ్గరపడతాయి, అయినా గురువారం గురువారమే. బుధవారం మధ్యాహ్నానికి చేరి శుక్రవారం బయల్దేరగలిగితే ఇంకా మంచిది. మొదటి సాయంత్రం అమ్మగారితో, గురువారం రాత్రి కొంచెం మీకు.

ఒంటరిగా తిరగడం: నేను చాలా రాత్రులు రెండు దాటాక ఒక్కదాన్నే నడిచి గదికి వచ్చాను. వీధుల్లో జనం ఉంటారు, దీపాలుంటాయి. ఫోను, పర్సు జేబు లోపల పెట్టుకోండి. బాగా తాగినవాళ్ళు ఎదురైతే వీధి మారండి. వీధిలో సీసా పట్టుకుని తాగితే జరిమానా, కాబట్టి అందరూ బార్ల లోపలో గుమ్మాల దగ్గరో ఉంటారు.

రాత్రి ఒక పద్ధతి ప్రకారం నడుస్తుంది. తొమ్మిదికి వాన్ డైక్ వీధి. ఇది పాత ఊరికి బయట, ప్లాసా మయోర్ నుంచి పావుగంట పైగా నడక. టూరిస్టులు తక్కువ, ధరలు తక్కువ. ఒక డ్రింక్ చెబితే పిన్చో అని చిన్న పళ్ళెంలో తిండి వస్తుంది, దాన్ని నిలబడే తింటారు, తర్వాత పక్క బార్‌కు. ఒకేచోట కూర్చుండిపోవడం అక్కడ ఎవరికీ నచ్చదు. తాగనివాళ్ళు "మోస్తో" అడగండి, ద్రాక్షరసం, చల్లగా గ్లాసులో ఆలివ్ కాయ వేసి ఇస్తారు. ఏ బార్‌లోనైనా ఉంటుంది, ఎవరూ వింతగా చూడరు. నా చదువంతా మోస్తో మీదే నడిచింది. పన్నెండు దాటాక గ్రాన్ వియా వైపు, బోర్దదోరెస్ వైపు పాటల బార్లు. మూడు తర్వాత క్లబ్బులు. తెల్లవారితే చుర్రోస్. మీరు ఒక గంట అన్నారు కాబట్టి పదకొండున్నర నుంచి పన్నెండున్నర మంచి వేళ. బోర్దదోరెస్ వీధి మొదట్లో ఒక విగ్రహం ఉంటుంది, వీపు వెనక చేతులు కట్టుకుని ముందుకు వంగిన గడ్డం మనిషి. ఆయన మిగేల్ దె ఉనమూనో, ఎన్నో ఏళ్ళు ఆ యూనివర్సిటీ రెక్టరు. 1936 అక్టోబర్ 12న యూనివర్సిటీ సభలోనే ఫ్రాంకో సేనాధికారి ముందు లేచి ఎదురు మాట్లాడాడు. పదవి పోయింది. ఆ వీధిలోని ఇంట్లోనే దాదాపు బందీగా గడిపి అదే ఏడాది డిసెంబర్ 31న పోయాడు. ఇప్పుడు పక్కనే బార్ల నుంచి వచ్చే పిల్లలు ఆ విగ్రహం దగ్గర కలుసుకుంటారు. మా ప్రొఫెసర్ ఒకావిడ మమ్మల్ని రాత్రిపూటే అక్కడికి తీసుకెళ్ళి, ఆ సందడి మధ్యలో నిలబెట్టి, ఆ రోజు జరిగింది చెప్పింది. క్లాసులో చెప్పి ఉంటే నాకు ఇంతగా గుర్తుండేది కాదు.

మోకాళ్ళు: ప్లాసా మయోర్ నుంచి కెథెడ్రల్ దాకా రువా మయోర్ వీధి, వాహనాలు ఉండవు, నెమ్మదిగా పావుగంట. దారిలో గవ్వల ఇల్లు వస్తుంది, గోడ నిండా మూడు వందలకు పైగా రాతి గవ్వలు. ఇప్పుడది లైబ్రరీ, లోపలి వాకిట్లో కూర్చోవచ్చు. నేల అక్కడక్కడ రాళ్ళు పరిచి ఉంటుంది, మెత్తటి అడుగున్న బూట్లు వేయించండి. కెథెడ్రల్ గోపురాలు, క్లెరెసీయ చర్చి గోపురాలు ఎక్కడం వదిలేయండి, మెట్లు చాలా, ఇరుకు. రోమన్ వంతెన దగ్గరికి దిగుడు బాగానే ఉంటుంది, తిరిగి ఎక్కడమే కష్టం. వెనక్కి ట్యాక్సీ పిలవండి. బదులుగా ఎస్కువేలస్ మెనోరెస్ వాకిలి వైపు వెళ్ళండి, యూనివర్సిటీ ముఖద్వారానికి ఎదురు మూలన. చీకటి గదిలో "సలమాంకా ఆకాశం" అని పదిహేనో శతాబ్దపు చిత్రం, ఒకప్పుడు యూనివర్సిటీ లైబ్రరీ కప్పు మీద ఉండేది. సింహరాశి, వృశ్చికరాశి, కన్య, ధనుస్సు. లోపలికి వెళ్ళగానే ఏమీ కనిపించదు, కళ్ళు అలవాటు పడేదాకా అయిదు నిమిషాలు ఆగాలి. అమ్మగారు ఆ రాశులను తనంతట తానే గుర్తుపడతారు.

చలి: ఊరు సముద్రమట్టానికి దాదాపు 800 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో పగలు హాయిగా ఉన్నా రాత్రి పదికి శాలువా కావాలి.

బెజవాడ అన్నా, మీరు విన్నది నిజమే. దాని పేరు నోచెవియేహ ఉనివెర్సితారియా, అంటే స్టూడెంట్లు సెలవులకు ఇళ్ళకు వెళ్ళేముందు, డిసెంబర్ మధ్యలో ఒక గురువారం రాత్రి, ప్లాసా మయోర్ గడియారం కింద చేసుకునే ముందస్తు న్యూ ఇయర్. స్పెయిన్‌లో డిసెంబర్ 31న పన్నెండు గంటలకు పన్నెండు ద్రాక్షపళ్ళు తింటారు కదా, వీళ్ళు పన్నెండు జెల్లీ మిఠాయిలు తింటారు. వేలమంది వస్తారు, దేశం నలుమూలల నుంచీ బస్సులు. ఫ్రెండ్స్‌తో వెళ్ళండి, గది నెలల ముందే తీసుకోండి. నాకు మాత్రం అంతకన్నా లూనెస్ దె ఆగువాస్ ఇష్టం. ఈస్టర్ తర్వాత వారం గడిచాక వచ్చే సోమవారం, ఊరు ఊరంతా తోర్మెస్ ఏటి ఒడ్డున పచ్చిక మీద కూర్చుని హోర్నాసో తింటుంది. దాని పుట్టుక రెండో ఫిలిప్ రాజు కాలం నాటిది. ఉపవాసాల రోజుల్లో వేశ్యలను ఏటి అవతలికి పంపేసేవాళ్ళు, రోజులు తీరాక స్టూడెంట్లే పడవల్లో వెళ్ళి పండగలా వెనక్కి తీసుకొచ్చేవాళ్ళు. ఆ ఊరు దాన్ని దాచుకోదు, పిల్లలకు కూడా చెబుతుంది. అది నాకు గౌరవంగా అనిపించింది.

కాకినాడ_కాజా

బుధవారం నుంచి శుక్రవారం, రెండు రాత్రులు. సాన్ ఎస్తెబాన్ దగ్గర వంటగది ఉన్నది ఒకటి దొరికింది, ఇంటీరియర్ అనే రాసుంది. రైలు మంచిదా, బస్సా?

మంజీర_తీరం

రైలే. మాడ్రిడ్ చమర్తీన్ స్టేషన్ నుంచి వేగంగా వెళ్ళేది గంటన్నర పైన కొంచెం, బస్సు రెండున్నర గంటలకు తక్కువ కాదు. టికెట్ ముందే తీస్తే చవక. సలమాంకాలో కొన్ని రైళ్ళు పెద్ద స్టేషన్ దాటి లా అలమెదీయ అనే చిన్న స్టాప్ దాకా వెళ్తాయి. అది పాత ఊరికి దగ్గర, టికెట్‌లో చూసుకుని అక్కడే దిగండి. విమానాశ్రయం నుంచి నేరుగా వెళ్ళాల్సి వస్తే మాత్రం బారహాస్ నుంచి బస్సు ఉంది.

గది సాన్ ఎస్తెబాన్ పక్కనే అన్నారు కాబట్టి ఆ మఠం కూడా చూపించండి. పదహారో శతాబ్దంలో ఫ్రాన్సిస్కో దె వితోరియా అనే సన్యాసి ఉన్న చోటు అది. అమెరికా ఖండపు జనం నేలకు వాళ్ళే అసలు యజమానులు, రాజుకైనా పోపుకైనా ఊరికే లాక్కునే హక్కు లేదని 1539లో ఈ యూనివర్సిటీలోనే పాఠం చెప్పాడు. సోషల్ టీచరుకు ఇది చాలా నచ్చుతుంది. మఠం ముఖభాగం పడమటి వైపు, కాబట్టి సాయంత్రం ఏడు తర్వాత వెళ్ళండి, ఎండ నేరుగా చెక్కడాల మీద పడుతుంది. లోపలికి వెళ్ళే టైమ్ అంతకన్నా ముందే అయిపోవచ్చు, గుమ్మం దగ్గర బోర్డు చూసుకోండి.